తిరగేసిన కాలర్

"ఇదివరకే ఒకసారి తిరగేసిన కాలర్ బాబాయిగారూ ఇది. మళ్ళీ తిప్పితే పాత చిరుగే పైకొస్తుంది."

దర్జీ ఆవిడ తెల్ల చొక్కాని వెలుతురుకి ఎత్తి చూపించింది.

ఎదుట నిలబడ్డ పెద్దమనిషి బక్కపలచగా ఉన్నాడు. ఒంటి మీదున్న చొక్కా కూడా అంతంత మాత్రమే.

"ఏదో ఒక దారి చూడమ్మా. రేపు నలుగురి ముందు నిలబడి ఒక మాట అడగాలి."

"ఉద్యోగం గురించా?"

"అలాంటిదే."

ఆమె ఇంకేమీ అడగలేదు. ఊళ్ళో సగం మంది అలా అడగడానికే తిరుగుతున్నారు. మిల్లు పొగగొట్టంలో పావురాలు గూడు పెట్టాయి. బ్యాంకు తలుపులకి అడ్డంగా చెక్కలు కొట్టారు. పోలీసులకే జీతాలు సరిగ్గా అందడం లేదు. ఆమె కొత్త బట్ట కత్తిరించి ఎన్నాళ్ళయిందో. వచ్చేవాళ్ళంతా కాలర్ తిరగేయించుకునేవాళ్ళే. అరిగిన వైపు లోపలికి, బాగున్న వైపు పైకి. ఆ కిటుకు ఏ చొక్కాకైనా ఒక్కసారే పనిచేస్తుంది.

"వెనక కింది అంచు కోసి కొత్త కాలర్ వేస్తాను. టక్ చేసుకుంటే ఎవరికీ కనపడదు. కూర్చోండి."

ఆయన స్టూలు మీద కూర్చున్నాడు. పక్కనే గోనెగుడ్డతో కుట్టిన కోటు ఒకటి కుప్పగా పడి ఉంది.

"ఇదెవరికమ్మా, ఇంత కోటు?"

"ఖజానా మంత్రికి."

ఆయన కోటు వైపు చూశాడు.

"దిష్టిబొమ్మకి లెండి. రేపు సాయంత్రం ఊరేగించి తగలబెడతారట. మా ఆయన పురమాయించాడు. మిల్లు పోయాక ఆయనకి ఇదే ఉద్యోగం. ఆ పొట్ట దగ్గరే బట్ట చాలక చస్తున్నాను."

"అంత పొట్టా ఆయనకి?"

"మీరు చూశారా, నేను చూశానా? గోడల మీద బొమ్మల్లో అలాగే ఉన్నాడు. దేశాన్ని మింగినవాడికి ఆ మాత్రం ఉండదా?"

పెద్దమనిషి వంగి, వేలాడుతున్న బొత్తాం ఒకటి పట్టుకున్నాడు.

"ఇది గట్టిగా కుట్టమ్మా. ఊరేగింపులో ఊడిపోతుంది."

ఆమె నవ్వేసింది. "మీకూ కోపమేనన్నమాట."

"కోపం లేనిది ఎవరికమ్మా ఇప్పుడు."

అంతలో ఆమె కూతురు రెండు చేతులా గిన్నె పట్టుకుని, తొణక్కుండా లోపలికి వచ్చింది.

"గంజి చిక్కగా ఉందా చిట్టితల్లీ?" పెద్దమనిషి అడిగాడు.

"నిన్నటికంటే పలచన."

"మొత్తానికి పోస్తున్నారు."

"పోస్తున్నారు కాబట్టే ఇది బతికుంది," అంది తల్లి. "సందు చివర సర్కారు వంటశాల. దాన్నీ మూసేస్తారని పుకారు. మూస్తే ఈ చలి దాటదు మా చిన్నది." గొంతు తగ్గించింది. "మీరూ వెళ్ళి వరసలో నిలబడండి బాబాయిగారూ. ఈ రోజుల్లో సిగ్గేమిటి? నా పేరు చెబితే వంటావిడ ఇంకో గరిటె వేస్తుంది."

"నా వంతు ఇంకెవరికో ఉండనీలేమ్మా."

మింగ మెతుకు లేదు, మీసాలకు సంపెంగ నూనె, అనుకుంది ఆమె.

మిషను ఆగింది.

"తెల్లదారం అయిపోయింది. కింది వైపు నీలంతో లాగించేస్తాను, ఏమనుకోకండి."

"కనపడని చోటే కదా."

కూలి ఇవ్వబోతే ఆమె చేయి అడ్డం పెట్టింది. "రేపు మీ మాట నెగ్గాక ఇద్దురుగాని."

"నెగ్గుతుందంటావా?"

"మంచి కాలర్ వేశాను. నెగ్గకేం?"

ఆయన మొదటిసారి బాగా నవ్వాడు. చొక్కా చంకలో పెట్టుకుని వెళ్ళిపోయాడు.

మర్నాడు ఆయన రాలేదు. నెగ్గలేదు కాబోలు పాపం, అనుకుంది.

పొద్దుగూకుతుండగా మొగుడు వచ్చాడు. ఒళ్ళంతా పొగ వాసన. మనిషిలో ఊరేగింపు హుషారు మాత్రం లేదు.

"బొమ్మతో ఆగలేదే. మంత్రి ఇంటి మీదకి పోయారు. వాకిట్లోకి వచ్చి ఏదో చెప్పబోయాడట. ముందున్నవాళ్ళు చెప్పనివ్వలేదు. రాళ్ళు పడ్డాయి."

"తర్వాత?"

"పోయాడు."

"నువ్వు వేశావా రాయి?"

"నేను వెనకెక్కడో ఉన్నాను. ముఖమే కనపడలేదు." చేతిలో ఉండచుట్టిన బట్ట బల్ల మీద పడేశాడు. "ఇల్లంతా వెదికాం. కొయ్యకి ఈ చొక్కా ఒక్కటే వేలాడుతోంది. దొంగ, మిగతాదంతా ముందే దాటించి ఉంటాడు. చిన్నదానికి గౌను కుట్టు."

ఆమె దాన్ని గుడ్డపేలికల బుట్టలోకి తోసేసింది.

రెండు పూటలు గడిచాయి. మూడో పూట చిన్నది ఖాళీ గిన్నెతో తిరిగొచ్చింది.

తల్లి సందు చివరకి పరిగెత్తింది. వంటశాలకి తాళం. వంటావిడ మెట్ల మీద, గరిటె ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

"కొత్త మంత్రి కుర్చీలో కూర్చుంటూనే మూయించాడమ్మా."

"పాతవాడు దేశాన్ని మింగాడు, కొత్తవాడు గంజి మింగాడు. అంతేనా?"

"పాతాయన్ని ఏమీ అనకు తల్లీ. మూసేద్దామని తక్కిన మంత్రులంతా పట్టుబడితే, ఆయనొక్కడే అడ్డం పడ్డాడట. ఆవేళ పొద్దున కూడా వాళ్ళ ముందు నిలబడి, మూయకుండా ఒప్పించుకుని ఇంటికొచ్చాడట. సాయంత్రానికి మనవాళ్ళే ఆయన ఇంటి మీదకి పోయారుగా."

ఆమె వెనుదిరిగింది. ఇంటికి వచ్చింది. చిన్నది చలికి మూలన ముడుచుకుని పడుకుంది. గౌనైనా కుడదామని బుట్టలోంచి చొక్కా తీసి, కత్తెర అందుకుంది.

ముందు కాలర్ విప్పాలి.

మడత పైకెత్తింది; కింది వైపు పొడుగునా తన కుట్టే, నీలం దారంతో.