ఉన్ని కోటు

స్నానాల తొట్టిలో నీళ్ళు నిండుతున్నాయి. స్నానం చేసేవాళ్ళెవరూ లేరు.

శశికళ దుప్పట్లు తెచ్చి ఆ నీళ్ళలో ముంచింది. తడి తువ్వాళ్ళు తలుపుల కింద కుక్కింది. అప్పుడు ఫోన్ అందుకుంది.

"ఏమండీ, పొగ వాసన వస్తోంది. దగ్గర్లోనే."

అవతల కృష్ణమోహన్ నవ్వాడు. కార్ల కంపెనీలో ఇంజనీరు. మంట అంటే అతనికి ఇంజన్ లోపల ఉండేదే. ఆస్ట్రేలియాలో మంటలొచ్చిన రోజు కూడా అతను ఆఫీసులోనే ఉన్నాడు.

"శశీ, ఇది ఆస్ట్రేలియా కాదు, అమెరికాలో నోవై. ఫాల్‌లో రాలిన ఆకులు ఇక్కడందరూ కాలుస్తారు. నువ్వు అగరుబత్తి వెలిగించినా ఫైర్ ఇంజన్‌ని పిలిచేలా ఉన్నావు. కాఫీ పెట్టుకుని తాగు."

వంటింటి కిటికీలోంచి చూసింది. వీధి మలుపు దగ్గర చెట్ల మీద తెల్లటి పొగ, బద్ధకంగా లేస్తోంది. గాలి లేదు. మబ్బు, చలి. ఏ అడవీ అంటుకునే రోజు కాదు.

తన మీద తనకే నవ్వొచ్చింది. తొట్టిలో కొళాయి మాత్రం కట్టెయ్యలేదు.

ఆస్ట్రేలియాలో అడిలైడ్ కొండల మీద కాపురమున్నప్పుడు ఇదంతా మామూలే. మనవాళ్ళు వేసవి రాగానే ఆవకాయకి జాడీలు కడుక్కున్నట్టు, అక్కడివాళ్ళు అడవి మంటలకు సిద్ధమయ్యేవాళ్ళు. చూరు గొట్టాల్లో ఎండుటాకులు తీసెయ్యడం, ఎడారి మీంచి ఉత్తరపు గాలి వేడిగా వీస్తే రేడియో పెట్టుకుని కూర్చోవడం, కారు డిక్కీలో దుప్పటి పెట్టుకోవడం.

"ఉన్నిదే పెట్టుకో. నైలాన్ కరిగి ఒంటికి అతుక్కుపోతుంది" అని ఎదురింటి మార్గరెట్ పదేపదే చెప్పేది. ఆవిడ చెబుతుంటే శశికళ కూతురు మీనా నోరు తెరుచుకుని వినేది.

ఓ ఫిబ్రవరి మధ్యాహ్నం, అక్కడి నడివేసవిలో, ఆ దుప్పటి తియ్యాల్సి వచ్చింది. కొండ దిగే దారికి అడ్డంగా చెట్టు పడిపోయింది. వెనక మంట. శశికళ కారు దిగి, మీనాను రోడ్డు పక్క కాలవలో బోర్లా పడుకోబెట్టి, పైన తాను పడుకుని, ఇద్దరి మీదా దుప్పటి లాక్కుంది.

"తల ఎత్తకు. నేను చెప్పేదాకా లేవకు."

లేచి చూసేసరికి మార్గరెట్ ఇల్లు లేదు. మార్గరెట్టూ లేదు.

మీనాకు అప్పుడు ఐదేళ్ళు. చిన్నపిల్ల, దానికేం గుర్తుంటుంది అన్నారందరూ. మీనా కూడా ఏనాడూ ఆ మాటెత్తలేదు.

స్కూలు బస్సు ఇంటి ముందు నుంచి వెళ్ళిపోయింది.

శశికళ తడి తువ్వాలు కాలితో పక్కకు నెట్టి తలుపు తీసింది. పిల్లలు మలుపు దగ్గర దిగి నడిచొస్తారు. పక్కింటి కవలలిద్దరూ వచ్చారు. మీనా రాలేదు.

"మీనా ఏది?"

"మాతోనే దిగిందే!" అని వాళ్ళు లోపలికి పరిగెత్తారు.

అప్పుడు పట్టుకుంది అసలు భయం. పొగ సంగతే మర్చిపోయింది. పొద్దున మీనాకు పాలు పోసిన డబ్బా మీది ఫొటో కళ్ళ ముందుకొచ్చింది. తప్పిపోయిన పిల్లల ఫొటోలు ఇక్కడ పాల డబ్బాల మీద వేస్తారు. ముందు పళ్ళు ఊడిన నవ్వు.

చెప్పులైనా వేసుకోకుండా పరిగెత్తింది.

"మీనా! మీనా!"

ముదురు నీలం కోటు కోసం కళ్ళు రోడ్డంతా వెతికాయి. ఊళ్ళో పిల్లలందరూ ఉబ్బెత్తు నైలాన్ జాకెట్లు తొడుక్కుని తిరుగుతుంటే, తనకు ఉన్ని కోటే కావాలని మీనా షాపులో నేల మీద కూర్చుని ఏడ్చింది. బరువే, దురదే, అంటే విననే లేదు. తిక్క పిల్ల అని విసుక్కుంటూనే కొనిచ్చింది శశికళ.

మలుపు తిరిగింది. సగం కాలి తడిసిన ఆకుల కుప్ప పొగలు కక్కుతోంది. పక్కన నీళ్ళ పైపు పట్టుకుని ఒక ముసలాయన. శశికళను చూడగానే గబగబా చెయ్యి ఊపాడు.

"మీ పాపేనా?" అన్నాడు ఇంగ్లీషులో. ఆయన ముఖం పాలిపోయింది. "నేనేమీ అనలేదు. ఇంకో ఆకుల కుప్ప అంటించగానే అలా దూకేసింది. మంట ఆర్పేశాను కూడా. ఎంత పిలిచినా లేవడం లేదు."

రోడ్డు పక్క కాలవ చూపించాడు.

అందులో నీలం కోటు పరిచినట్టుంది. కోటు కింద నుంచి ఒక బూటు మాత్రం బయటికి కనిపిస్తోంది. అది కదలడం లేదు.

శశికళ పైప్రాణాలు పైనే పోయాయి. కాలవలోకి జారి, మోకాళ్ళ మీద పడి, కోటు అంచు ఎత్తింది.

మీనా బోర్లా పడుకుని ఉంది. ముక్కు మట్టికి ఆనించి, రెండు చేతులూ తల మీద పెట్టుకుంది. ఊపిరి ఆడుతోంది.

"లే తల్లీ, ఏం లేదు, ఆకులు" అందామనుకుంది శశికళ. అంతలో పొగ తెర ఒకటి ఇద్దరినీ కమ్మింది. దగ్గు వచ్చింది. దగ్గుతోపాటు ఇన్నాళ్ళూ పట్టి ఉంచిన ఏడుపూ వచ్చింది. ముసలాయన చూస్తున్నాడని తెలిసినా ఆపుకోలేకపోయింది.

కోటు కింద నుంచి చిన్న చెయ్యి వచ్చింది. తల్లి మెడ పట్టుకుని కిందికి, ఉన్ని కిందికి లాక్కుంది.

"తల ఎత్తకు అమ్మా" అంది మీనా గుసగుసగా. "నేను చెప్పేదాకా లేవకు."