చెవిలో దగ్గు

దగ్గు వినిపించలేదు కాబట్టే ఆ మాట ఆ ఇంట్లో పైకి వచ్చింది.

ఫోన్ పెట్టేసి కూతురు వంటగది గుమ్మంలో నిలబడింది. సరుకుల ఓడలో పనిచేసే తమ్ముడు డెక్ మీంచి సముద్రంలో పడిపోయాడట. వెతకడం కూడా ఆపేశారట. ఈ రెండు ముక్కలూ మొగుడికి, కూరగాయల ధర చెప్పినంత మామూలుగా చెప్పింది. తల్లి అక్కడే, నాలుగడుగుల దూరంలో, తలెత్తకుండా ఏరిన బియ్యమే మళ్ళీ ఏరుతూ కూర్చుంది.

"అమ్మకి తెలియకూడదు," అంది కూతురు. "అసలే గుండె జబ్బు మనిషి. ఆవిడకి కూడా ఏమన్నా అయితే నేను తట్టుకోలేను."

మొగుడు అత్తగారి వైపు చూశాడు. దగ్గు లేదు. సరేనన్నాడు.

ఈ దగ్గు గోలేమిటంటే, ఆవిడకి చెవుడు. చెవి లోపలికంటా దూరిపోయే చిన్న మిషన్ ఒకటి కొనిచ్చారు. అది పెట్టుకున్న దగ్గర్నుంచి తీసేదాకా ఖళ్ళు ఖళ్ళున ఒకటే దగ్గు. సీసాలకి సీసాలు మందు తాగింది. తగ్గితే ఒట్టు. చివరికి చెవి డాక్టరే నవ్వి అసలు సంగతి చెప్పాడు. గొంతుకీ ఊపిరితిత్తులకీ పోయే నరమే ఒక చిన్న పాయని చెవిలోకి కూడా పంపిస్తుందట. మిషన్ అంచు దానికి తగలగానే మెదడుకి కబురు పోతుంది. మెదడు అడుగున కూర్చున్న దగ్గు కేంద్రం, ఆ కబురు చెవి నుంచి వచ్చిందా గొంతు నుంచి వచ్చిందా అని చూసుకోకుండా, ఏదో అడ్డం పడింది, దగ్గమని హుకుం వేస్తుందట. అందులో మనిషి ఇష్టాయిష్టాలతో పనే లేదన్నాడు. కొందరికి అలవాటైపోతుంది, కాకపోతే అప్పుడు చూద్దామన్నాడు.

అల్లుడు ఆ దగ్గుకి 'గంట' అని పేరు పెట్టాడు. గంట మోగుతుంటే అత్తగారికి వినిపిస్తున్నట్టు, మోగకపోతే లేనట్టు. అతని నోట్లో నువ్వుగింజ నానదు. ఆ గంటే లేకపోతే ఆ ఇంట్లో ఏ రహస్యమూ పూట నిలిచేది కాదు.

ఫోన్ వచ్చిన రోజు నుంచీ గంట మోగడం మానేసింది. దగ్గి దగ్గి డొక్కలు నొప్పెడుతున్నాయని, ఇక ఆ దరిద్రం తన వల్ల కాదని తల్లి తేల్చేసింది. కూతురు బతిమాలలేదు. ఒకరకంగా నయమే అనుకుంది.

ఆమె పని ఆసుపత్రి లాండ్రీలో, ఇస్త్రీ యంత్రం దగ్గర. తడి దుప్పటిని ఇటు నుంచి లోపలికి తోయాలి, అటు పొగలు కక్కుతూ వచ్చాక మడతపెట్టాలి. తమ్ముడు పోయాక ఒక్క రోజు కూడా మానలేదు. ఓసారి మణికట్టు వేడి రోలరుకి ఆనుకుంది. చురుక్కుమనలేదు. పక్కనున్నావిడ చెయ్యి లాగేదాకా తెలియనే లేదు. ఇంటికొస్తే తల్లి ఎలా కాలిందని కూడా అడక్కుండా మందు రాసింది.

ఏడుపు మాత్రం రాలేదు. దగ్గు అడక్కుండానే వస్తుంది, ఇదేం రోగమో పిలిచినా రాదు. వంట దగ్గర తల్లి రోజూ ఉల్లిపాయల బుట్ట ఆమె ముందుకే తోసేది. ఆమె తరిగేది. కళ్ళు మండేవి, అంతే.

సాయంత్రం అయ్యేసరికి తల్లి ప్రశ్న సిద్ధం.

"తమ్ముడు ఫోన్ చేశాడా?"

కూతురు ఆవిడ చెవి దగ్గర నోరు పెట్టి అబద్ధాన్ని కేకేసి చెప్పేది. చెవిటి మనిషికి చెప్పే అబద్ధం వీధి వీధంతా వినాల్సిందే కదా. చేశాడమ్మా, బాగా ఒళ్ళు చేశాడట, ఓడలో వంటవాడు వట్టి పిసినారట, వీడు డబ్బాలోంచి బిస్కెట్లు కొట్టేస్తున్నాడట. తల్లి అంతటితో వదిలేది కాదు. ఇంకా ఏమన్నాడు, ఎవరితో స్నేహంగా ఉంటున్నాడు, నవ్వాడా అని గుచ్చి గుచ్చి అడిగేది. చెబుతున్నంతసేపూ కూతురికి వాడు నిజంగానే ఎక్కడో కూర్చుని బిస్కెట్లు నములుతున్నట్టుండేది. రోజు మొత్తంలో ఆమెకి ప్రాణం లేచొచ్చేది ఆ కాసేపే.

అల్లుడి పరిస్థితి గొంతులో వెలక్కాయ పడ్డట్టుంది. వినదు కదా అన్న ధైర్యంతో అత్తగారి ఎదురుగానే పెళ్ళాన్ని నిలదీసేవాడు. వచ్చే వారంతో వాడి కాంట్రాక్టు అయిపోతుంది, మనిషి ఇంటికి రావాలి, అప్పుడు ఎవర్ని తెచ్చి నిలబెడతావన్నాడు. ఆమె వెళ్ళి గుండె డాక్టరుని అడిగితే, మెల్లగా చెప్పండి, మాత్ర దగ్గర పెట్టుకోండి అన్నాడు.

ఆదివారం పొద్దున కూతురు మాత్ర, మంచినీళ్ళు పక్కన పెట్టుకుని తల్లి ఎదురుగా కూర్చుంది. అల్లుడు గుమ్మంలో నిలబడ్డాడు. అబద్ధమంటే కేకేసి చెప్పింది కానీ, ఈ మాట కేకేసి చెప్పడం తన వల్ల కాదు. ఎంత దగ్గు వచ్చినా ఈ ఒక్కసారికి ఆవిడ మిషన్ పెట్టుకోవాల్సిందే. భయం వేసింది. ఇన్నాళ్ళకి ఆమెకి తెలిసొచ్చిన మొదటి బాధ అదే.

చెవి వైపు సైగ చేయబోయింది. చెయ్యి లేవలేదు. తనలో తను అనుకున్నంత చిన్నగా వచ్చింది మాట.

"అమ్మా, మిషన్ పెట్టుకో. తమ్ముడి సంగతి ఒకటి చెప్పాలి."

తల్లి చెవి మీద జుట్టు వెనక్కి తోసుకుంది.

"పెట్టుకునే ఉన్నానమ్మా," అంది. "దగ్గు రాకుండా డాక్టరు దీని అంచు అరగదీసి ఇచ్చాడు, నీకా ఫోన్ రావడానికి ముందు రోజే."