మల్లప్ప కారుకు విడి సీట్లు

“ముప్పై ఏండ్లయింది ధనుంజయా, నా కారు మీద ఒక్క గీత పడలేదు. ఈ చేతుల్లో ఏముండాదో నాకే తెలీదప్పా!” అన్నాడు మల్లప్ప, అంబాసిడర్ స్టార్ట్ చేస్తూ.

మాట పూర్తయ్యేలోపే కారు వెళ్ళి, కుషన్ షాపు గేటుకు ఎడమపక్కనున్న నీళ్ళ డ్రమ్మును గుద్దింది. డ్రమ్ము దొర్లిన స్పీడు చూస్తే హార్సిలీ కొండ ఎక్కేదాకా ఆగదేమో అనిపించింది.

షాపు ఓనరు ధనుంజయ కారు దగ్గరికి పరుగెత్తాడు. పుంగనూరు మల్లప్ప డ్రైవింగంటే అతనికి ప్రాణం. కుప్పం దాకా ఏ పెండ్లికూతురైనా ఈ కారే కావాలని అలుగుతుంది. పక్కన భార్య సావిత్రమ్మ కూర్చోనిదే మల్లప్ప బండి తీయడు. వాళ్ళ జంటను చూసి, వెనక సీట్లో కొట్లాడుకుంటున్న కొత్త దంపతులు కూడా గమ్మునైపోతారు.

అలాంటి కారులో ముందున్న పొడుగాటి సీటు తీసేసి, సావిత్రమ్మ నడుం నొప్పి కోసం కొత్త మోడలు కారు సీట్లు రెండు విడివిడిగా బిగించాడు ధనుంజయ. మూడు రోజుల పని. ఎంత మెత్తగా కుదిరాయంటే, చూసిపోదామని వచ్చి కూర్చున్న ఇద్దరు వాటిలోనే భోంచేసి నిద్రపోయారు.

“సీటు వంకరగా బిగించినావు! యాల ఇట్ల చేసినావప్పా? రేపు కుప్పంలో పెండ్లికూతుర్ని ఎక్కించుకోవల్ల!” అని కేకలేశాడు మల్లప్ప.

జనం మూగారు. “ధనుంజయకు సీటు బిగించేది రాదంట” అన్న మాట అప్పుడే బస్టాండు వైపు బయల్దేరింది. అది పుంగనూరు చేరితే ఇక షాపు మూసుకోవడమే.

ధనుంజయ టేపు తీసి నాలుగుసార్లు కొలిచాడు. వెంట్రుకవాసి తేడా లేదు.

“నేను ఎనక కూసుంటా. ఇంగోసారి తోలు పెద్దాయనా, సూస్తాను.”

కారు రోడ్డెక్కింది. ఎడమపక్క టీకొట్టు ముందు ఖాళీ బల్ల ఉంది. మల్లప్ప మహారాజులా నేరుగా దాని మీదికే పోతున్నాడు. ధనుంజయ చూపు సావిత్రమ్మ మీద పడింది. ఆమె రెండు సీట్ల మధ్య సందులోకి కాలు చాపి చాపి గాలిని తంతోంది.

“అమ్మా! కాలు యాల అట్ల ఆడిస్తాండావు?”

“అందలేదు నాయనా!” అని ఆమె అరిచింది. బల్ల రెండు ముక్కలైంది.

కారు ఆగింది. సావిత్రమ్మ మొగుడి వైపు చూసింది. “ఇంగ చెప్పెయ్యవయ్యా. ఆ పిల్లోడి పేరు యాల చెడగొడతావు?”

మల్లప్ప స్టీరింగు మీద తల వాల్చాడు.

“సీటు బంగారం మాదిరి ఉండాది ధనుంజయా. పదేండ్లుగా ఎడమ పక్క నాకేమీ కనపడదు. అడ్డమొచ్చినప్పుడల్లా ఈమె కాలితో పొడుస్తాంటే, నేను స్టీరింగు తిప్పుతాంటి!”