నాలుగు కిస్తీలు

ఇలా దగ్గరికి జరుగు, ఆ ఫ్యాను చప్పుడులో నా మాట నాకే వినబడదు. ఇస్త్రీ అక్క సంగతి చెబుతాను.

దుకాణంలో బల్ల మీద చొక్కా, చొక్కా మీద ఇస్త్రీపెట్టె, పక్కన స్పీకర్‌లో ఫోను. రోజూ పదకొండు కొట్టగానే అప్పిచ్చిన కంపెనీ వసూళ్ల బాబు అందులోంచి మొరిగేవాడు. బట్టలుతికే మెషీను కోసం ఆమె మొగుడు తీసుకున్న అప్పు అది.

"ఆరేళ్లు ఒక్క నెల తప్పకుండా కట్టావు. మూడు నెలల్నుంచి ఏం రోగం?"

"బుద్ధొచ్చింది బాబూ."

"మీ ఆయన్ని పిలు."

"ఊళ్లో లేడు. రాష్ట్రం దాటి పోయాడు."

"దాటిపోతే బాకీ తీరిపోతుందా? కేసేస్తాం. ఎక్కడున్నా కోర్టుకి లాక్కొస్తాం. ముందు నీ మెషీను పట్టుకెళ్లి దుకాణానికి తాళం వేస్తాం."

ఆ మెషీను పోతే అక్క నోట్లోకి మెతుకు పోదు. అయినా పెదవి విరిచింది.

"మీకంత చేతనైతేగా. టై కట్టుకుని అరవడం తప్ప ఏం వచ్చు మీకు? మీ తాత దిగొచ్చినా ఆయన్ని కనిపెట్టలేడు. కావాలంటే ఫొటో ఇస్తా, గోడకి తగిలించుకోండి."

నిజంగానే పంపింది కూడా. బట్టలివ్వడానికొచ్చిన టీచరమ్మ గుండె పట్టుకుంది.

"ఎందుకమ్మా వాళ్లని కెలకడం? పంతానికి పోయి పట్టుకుంటారు."

"చూద్దాం, వాళ్ల మొహాలకి."

నెల తిరిగేసరికి ఫోనులో గొంతు పొంగిపోతోంది.

"దొరికాడమ్మా మీ దొరగారు. పక్క రాష్ట్రంలో, బస్సు డిపో వెనక మూడో సందు, నీలం తలుపు. మా మనిషి వెళ్తే ఓ పిల్ల తలుపు తీసి 'నాన్న లేడు' అందట. అబద్ధాలు అప్పుడే నేర్పేశాడు. మంచం కింద నక్కినవాణ్ణి లాగి నోటీసు చేతిలో పెట్టాం."

అక్క ఆ చిరునామా బట్టలకు కట్టే చీటీ మీద రాసుకుంది.

"ఆ పిల్ల సన్నగా ఉందా బాబూ, ఒళ్లు చేసిందా?"

"అది మాకెందుకు?"

పాతికేళ్లలో ఆమె కాల్చిన మొదటి చొక్కా ఆ రోజుదే. సాయంత్రానికి డబ్బాలో దాచిన నాలుగు కిస్తీలూ కట్టేసి బస్సెక్కింది.

రేపు నువ్వీ కథ ఎవరికి చెప్పినా ఇదొక్కటీ మరిచిపోకు: ఆరేళ్ల కిందట రెండేళ్ల కూతుర్ని ఎత్తుకుపోయిన మొగుణ్ణి పోలీసులు వెతకలేక ఫైలు మూసేస్తే, ఆమె నాలుగు కిస్తీలు ఎగ్గొట్టి అప్పులవాళ్ల చేత వెతికించుకుంది.