రాతి మీద ఒక్క పేరు

"కాపీ కొట్టిన పిల్లల్ని పట్టుకోవాలంటే ఇద్దర్నీ విడదీసి అడగాలి," అన్నారు దత్తాత్రేయులు మాస్టారు, కళ్ళజోడు తుడుచుకుంటూ. "సుందరరాజుగారూ, మీరు కాసేపు పెరట్లోకి వెళ్ళండి."

"నేనెందుకు వెళ్ళాలి? వాణ్ణే పొమ్మనండి," అన్నాడు సుందరరాజు.

"చూశారా మాస్టారూ! వీడు అప్పుడూ ఇంతే, అన్నిటికీ వెనకే," అన్నాడు అంకారావు.

ఇద్దరికీ డెబ్భై దాటాయి. తిరువూరులో పక్కపక్క ఇళ్ళు. వారం కిందటి దాకా ఒకే పేపరు పంచుకుని చదివేవాళ్ళు కాస్తా ఇప్పుడు చెరొకటి వేయించుకుంటున్నారు. ఇదంతా ఒక ఉత్తరం తెచ్చిన తంటా.

1954లో పెనుగొలను నుంచి అంకారావు, వినగడప నుంచి సుందరరాజు, ఒకరి సంగతి ఒకరికి తెలియకుండానే ఇప్పటి కర్ణాటకకి వెళ్ళి, తుంగభద్ర కాలవ కింద ముళ్ళతుప్పలు నరికి పొలాలు చేసుకున్నారు. వాళ్ళ వెనకే మరో అరవై కుటుంబాలు వెళ్ళాయి. అందరూ క్యాంపు అని పిలిచే ఆ చోటు ఇప్పుడు పెద్ద ఊరు. పొలాలు కొడుకులకి అప్పగించి, ఇద్దరూ మనసు లాగి, సొంతూళ్ళకి దగ్గరని తిరువూరు తిరిగొచ్చారు. ఈ ఏరువాకకి క్యాంపుకి యాభై ఏళ్ళు నిండుతాయి. "ఊరి నడుమ రాయి నిలబెడుతున్నాం. ఈ నేలకి అందరికంటే ముందు వచ్చిన మనిషి పేరు దాని మీద చెక్కిస్తాం. ఒక్క పేరే పడుతుంది" అని కమిటీవాళ్ళు రాశారు. సాయంత్రం బస్సుకి అక్కడికి వెళ్ళే మనిషి చేతికి జవాబు అందాలి.

ఆ జవాబు రాసే పని మాస్టారి నెత్తిన పడింది. హైస్కూల్లో ముప్పై ఏళ్ళు తెలుగు చెప్పి రిటైరయ్యాక ఆయనకి పొద్దుపోయేది ఈ ఇద్దరితోనే. ఏ పేరు రాసినా రెండోవాడు ఇక గడప తొక్కడు. ఆ దిగులుకి పొద్దున ఇడ్లీ కూడా సయించలేదాయనకి.

సుందరరాజు గొణుక్కుంటూ అంకారావు ఇంటి పెరట్లోకి వెళ్ళాడు. వసారాలో అంకారావు భార్య నాగేశ్వరమ్మ ఆవకాయకి మామిడికాయలు తుడుస్తోంది. జోజమ్మ కత్తిపీట ముందు కూర్చుని ముక్కలు కొడుతోంది. క్యాంపులో వాళ్ళింట్లో పనిచేసి, నాగేశ్వరమ్మని వదల్లేక వెంట వచ్చేసిన మనిషి. వయసులో ఉండగా మట్టితట్టలు మోసి మోసి నడినెత్తిన జుట్టు పలచబడిపోయింది. అడిగితే తప్ప మాట్లాడదు. ఆమెని ఎవరూ ఏమీ అడగరు.

మాస్టారు కలం తీశారు. "చెప్పండి అంకారావుగారూ, అసలెందుకు వెళ్ళారు?"

"ముగ్గురన్నదమ్ములకి రెండెకరాల మెట్ట మాస్టారూ. అక్కడ కాలవ తవ్వేశారు, నీళ్ళు వదలడమే తరువాయి, నేల చవగ్గా దొరుకుతుందన్నారు. మా అమ్మ మెళ్ళో గొలుసు తీసి చేతిలో పెట్టింది. మళ్ళీ చేయించే లోపే పోయింది. ఏరువాక పున్నమి నాడు దిగాను. మిట్టమధ్యాహ్నం, నాలుక పిడచకట్టుకుపోయి గట్టు మీద కూలబడ్డాను. చల్లటి నీళ్ళు ముంతెడు గొంతులో పడ్డాక గానీ ప్రాణం లేచిరాలేదు. చుట్టూ చూస్తే నరమానవుడు లేడు."

"మరి మీ ఆవిడో?"

"నేను మూణ్ణెల్ల తర్వాత వెళ్ళాను," అంది నాగేశ్వరమ్మ. "ఇల్లంటే పాక, తలుపంటే గోనెపట్టా. బండి దిగుతూనే బావురుమన్నాను. జోజమ్మ ఓదార్చబట్టి సరిపోయింది."

తర్వాత సుందరరాజు వంతు వచ్చింది.

"మా నాన్న నలుగురిలో 'నువ్వు నాగలి పట్టడానికి పనికిరావురా' అన్నాడు. సొంత పొలంలో నాగలి పట్టాకే మొహం చూపిస్తానని రైలెక్కాను. పట్టాను మాస్టారూ. ఆయనే చూడకుండా పోయాడు. ఆ రాతి మీద నా పేరు పడితే ఆయనకి చూపించినట్టే."

"ఏ రోజు దిగారు?"

"ఏరువాక పున్నమి. మిట్టమధ్యాహ్నం. ఆకలికి కళ్ళు తిరిగాయి. వేడివేడి జొన్నన్నం, చింతకాయ పచ్చడి! ఆ రుచి ఇప్పటికీ నాలుక మీదే ఉంది. తిని చుట్టూ చూశాను. పిట్ట లేదు. వీడు సాయంత్రం గట్టు మీద తగిలాడు. 'ఎవరయ్యా నువ్వు' అని అడిగింది నేనే."

"అడిగింది నేను!" గుమ్మం దగ్గర్నుంచి అరిచాడు అంకారావు.

మాస్టారు రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టుకున్నారు. ఒకటే రోజు, ఒకటే వేళ. అబద్ధమాడే పిల్లల మొహాలు ఆయనకి బాగా తెలుసు. ఇవి ఆ మొహాలు కావు.

"పోనీ, సాక్షి ఎవరైనా ఉన్నారా?"

"అక్కడ మనిషంటూ ఉంటే కదా మాస్టారూ!" అన్నారు ఇద్దరూ ఒక్కసారే. వారం రోజుల్లో ఇద్దరికీ కుదిరిన మాట అదొక్కటే.

బస్సుకి గంటే ఉంది. మాస్టారు రెండు చీటీలు రాసి, మడిచి, దోసిట్లో కుదిపారు.

"మనం ముగ్గురం తియ్యకూడదు. ఈ గొడవతో సంబంధం లేని మనిషి తియ్యాలి," అంటూ వసారాలోకి నడిచారు. ముసలాళ్ళిద్దరూ వెనకే వెళ్ళారు.

"జోజమ్మా, ఇందులో ఒక చీటీ తియ్యి. క్యాంపుకి ఎవరు ముందొచ్చారో తేలిపోవాలి."

జోజమ్మ చెంగుకి చేతులు తుడుచుకుంది. చీటీల వంక చూసింది. ఆ ఇద్దరి మొహాల వంకా చూసింది. నవ్వొచ్చిందామెకి.

"దీనికి చీటీలెందుకండీ?" అంది.

"అంకారావుగారికి నీళ్ళిచ్చాకే కదండీ, సుందరరాజుగారికి అన్నం పెట్టాను."