క్రాంటన్ దొర జీవితకథ

లండను నాటకాల్లోనూ సినిమాల్లోనూ పేరు మోసిన క్రాంటన్ దొర మాచర్ల వచ్చాడు. సాయంత్రం బడి ఆవరణలో తన జీవితకథ చెప్పి, నాటకంలో ఒక ఘట్టం ఆడి చూపిస్తాడట. ఆయన మాటల్ని తెలుగులో చెప్పే పని ఇంగ్లీషు మాస్టరు అంతోనికి అప్పగించారు.

మధ్యాహ్నం అంతోనికి అన్నం సయించలేదు.

"ఏందయ్యా, అంత భయమేంది? పటాలంలో మూడేళ్ళు దొరలతోనే మాట్లాడానంటివి గదా?" అంది భార్య గ్రేసమ్మ.

"మాట్లాడానే. ఎస్సర్ అని."

"అంతేనా?"

"నోసర్ అని గూడా."

యుద్ధంలో అంతోని చేసిందల్లా దొరల మెస్సులో బంగాళాదుంపలకు తొక్క తీయడం. ఆ సంగతి దాచే బడిలో ఉద్యోగం సంపాదించాడు. ఒకటో ఫారం పిల్లలతో ఇన్నాళ్ళూ నెట్టుకొచ్చాడు. ఇవాళ ముందు వరసలో బి.ఏ. చదివిన తాసీల్దారు ధనుంజయరావు కూర్చుంటాడు. గుట్టు బయటపడితే ఉద్యోగం ఊడినట్టే.

దొర వేదిక ఎక్కాడు. ఎర్రటి మొహం, రాగిరంగు మీసం, నెత్తిన టోపీ. చెమట పడితే మొహం తుడుచుకోలేదు, రుమాలుతో సుతారంగా అద్దుకున్నాడు. దొరల తీరే వేరనుకున్నారు జనం.

ఐదు నిమిషాలు గడగడా మాట్లాడి ఆగాడు. అంతోనికి ఒక్క ముక్క అర్థం కాలేదు.

"దొరగారు ఏమంటున్నారంటే..." అని మొదలుపెట్టాడు. "చిన్నప్పుడు నాటకాలాడుతున్నాడని వాళ్ళ నాయన చింతబరికెతో బాదాడంట!"

"లండన్లో చింతచెట్లుంటయ్యా?" అరిచిందొక ముసలమ్మ.

"బరికె మన దేశం నుంచే తెప్పిచ్చుకున్నాడంట, అవ్వా!"

జనం గొల్లుమన్నారు. అంతోని భయంభయంగా తాసీల్దారు వంక చూశాడు. ఆయన కళ్ళు అరమూసి, అంతా ఆకళించుకున్నట్టు తల పంకించాడు.

అంతోనికి ప్రాణం లేచొచ్చింది. ఇక అడ్డేముంది? దొర సినిమాలో గుర్రం మీంచి పడ్డాడంట, కాలు విరిగిందంట, ఒక దొరసాని పసుపు పట్టేసి కట్టుకట్టిందంట. అన్నిటికీ తాసీల్దారు తలూపుతూనే ఉన్నాడు.

చివరికి దొర కత్తిపోటు తిన్న రాజులా విలవిల్లాడి దభీమని పడి చచ్చాడు.

"వన్స్ మోర్!" అని ఊగిపోయారు జనం.

చచ్చిన దొర టక్కున లేచి, దుమ్ము దులుపుకుని, మొదటినుంచీ మళ్ళీ చచ్చాడు. ఆ రెండు ఇంగ్లీషు మాటలకు తెలుగు చెప్పమని తననెవరూ అడగనందుకు అంతోని ప్రభువుకు స్తోత్రం చెప్పుకున్నాడు.

"పొల్లు పోకుండా చెప్పావయ్యా!" అని తాసీల్దారు భుజం తట్టి వెళ్ళాడు.

అంతలో దొర అంతోని చెయ్యి పట్టుకుని తెర చాటుకు లాక్కెళ్ళాడు. తను దొర మాటల్ని ఎంత ఆగం చేశాడో ఆయనకు తెలియకుండా ఉంటుందా? అంతోని పటాలంలో మాదిరి నిటారుగా నిలబడి, "ఎస్సర్," అన్నాడు.

దొర అటూ ఇటూ చూసి అతని చెవిలో నోరు పెట్టాడు.

"ఎల్లుండి గురజాలకు గూడా నువ్వే రావాలి అన్నా! నీకు మల్లే నాకూ ఇంగ్లీషు రాదు."