ఇసుక సంచులు

"బ్రేకు ఇంకా గట్టిగానే ఉందయ్యా," అన్నాడు పెద్దాయన, పెడలు మీంచి కాలు తీసి. మళ్ళీ నొక్కాడు. మళ్ళీ తీశాడు.

మెకానిక్ కారు కిందనుంచి జరిగి, నడుం పట్టుకుని లేచాడు. ముందు చక్రాలకి పాత డ్రమ్ములు పీకేసి డిస్కులు వేశాడు. కొద్దిగా నొక్కినా పట్టేలా బూస్టరు పెట్టాడు. ఇంతకంటే మెత్తబడితే ఊదినా ఆగిపోతుందని చెప్పాడు.

"ఊదితే ఆగేలాగే చెయ్యి."

ఆ కారు పెద్దాయన పెళ్ళినాటిది. గుండ్రటి దీపాలు, ముందు బల్లలాంటి ఒకే సీటు. మెకానిక్ తండ్రి కాలం నుంచీ ఈ షెడ్డుకే వస్తోంది. ఇన్నేళ్ళలో పెద్దాయన స్టీరింగు ఇంకొకరి చేతికిచ్చింది లేదు. రిపేరయ్యాక కూడా తనే తోలేవాడు, మెకానిక్ పక్కన కూర్చునేవాడు. బెల్టులు పెట్టిద్దామంటే, నేను తోలుతుంటే బెల్టెందుకని నవ్వేవాడు.

అలాంటి మనిషి ఇప్పుడు తనే అడిగి బెల్టులు పెట్టించాడు. కొత్త టైర్లు వేయించాడు. స్టీరింగులో వదులు తీయించాడు. మలుపుల్లో బండి ఒరగకుండా ముందు చక్రాల మధ్య లావుపాటి కడ్డీ బిగించమన్నాడు. ట్రయలు మాత్రం, నువ్వే తిప్పుకు రా అన్నాడు. మనిషి జడుసుకున్నాడనుకున్నాడు మెకానిక్.

జడుసుకోడానికి కారణం ఉంది. వానాకాలంలో కూడలి దగ్గర ఎర్రదీపం పడ్డా కారు ఆగలేదు. పాలవ్యాను వెంట్రుకవాసిలో తప్పింది. పక్కనున్న భార్య ఇంటికొచ్చి, ఇలా అయితే నేనీ కారెక్కనని తేల్చి చెప్పింది. అప్పట్నుంచీ కారు కదల్లేదు. మెకానిక్ విప్పి చూస్తే పాత బ్రేకుల్లో పెద్ద తప్పేమీ కనపడలేదు. ఆ మాట అంటే పెద్దాయన వినిపించుకోలేదు.

ఇప్పుడు కదలక తప్పదు. కొండ మీది ఊళ్ళో కూతురికి నెలలు నిండాయి. అల్లుడు ఓడ మీద ఉద్యోగం, సముద్రంలో ఉన్నాడు. బస్సు కొండ కిందే ఆగిపోతుంది. పురిటికి తల్లి దగ్గరుండాలి.

పెద్దాయన రోజూ పొద్దున్నే షెడ్డుకొచ్చి స్టూలు మీద కూర్చుంటాడు. లేస్తాడు. గుమ్మం దాకా వెళ్తాడు. తిరిగొస్తాడు. ఇంట్లో ఉండొచ్చు కదండీ అంటే, మా ఆవిడ తెల్లారేసరికి ఎక్కడికో వెళ్ళిపోతోంది, నేనొక్కణ్ణీ ఏం చెయ్యనన్నాడు. ఆవిడకి కోపం ఇంకా తగ్గలేదు కాబోలనుకున్నాడు మెకానిక్.

ఆ పూట సీటు ముందుకి జరిపి బిగించమన్నాడు. స్టీరింగు వైపు వేసుకోడానికి ఇంటినుంచి ఒక మెత్త కూడా తెచ్చాడు.

"పెద్దాయన కుంచించుకుపోతున్నాడు బావా," అన్నాడు షెడ్డులో సాయం చేసే మెకానిక్ బావమరిది, గొంతు తగ్గించి. "ఉతికిన చొక్కాలాగా."

"నీకూ వస్తుందిలే వయసు. ఆ స్పానరిటివ్వు."

అంతలో పెద్దాయన జాకీని తన్నుకుని తూలాడు. దారికడ్డం పెట్టారేమిటయ్యా అని విసుక్కున్నాడు. జాకీ పొద్దుటినుంచీ అక్కడే ఉంది.

ఇక చక్రాలు సరిచెయ్యడం మిగిలింది. దానికి ఈ షెడ్డులో ఒక పద్ధతుంది, మెకానిక్ తండ్రి పెట్టింది. పాత బండి స్ప్రింగులు మెత్తన. ఖాళీ కారుకి సరిచేస్తే మనుషులెక్కాక మళ్ళీ తేడా వస్తుంది. అందుకని ఎక్కేవాళ్ళ బరువుని బట్టి ముందు సీటులో ఇసుక సంచులు పేర్చాలి. పెద్దాయన భారీ మనిషి, ఆవిడ పీలగా ఉంటుంది. స్టీరింగు దగ్గర మూడు సంచులు, పక్కన రెండు పెట్టి టీకి వెళ్ళాడు మెకానిక్. వచ్చేసరికి స్టీరింగు దగ్గర రెండే ఉన్నాయి, పక్కన మూడు.

బావమరిదిని కేకలేశాడు.

"నేను ముట్టుకోలేదు బావా."

"మరి వాటికి కాళ్ళొచ్చాయా?"

మూడో సంచిని మళ్ళీ స్టీరింగు వైపుకి లాగి, కొలత తాళ్ళు తేవడానికి వెనక గదిలోకి వెళ్ళాడు. తెచ్చి, కారు కింద దూరి, పని పూర్తి చేశాడు. బయటికొచ్చి తలుపు తీస్తే పక్కన మూడు సంచులున్నాయి.

అప్పుడే పెద్దాయన ఫోను మోగింది. కూతురికి నొప్పులు మొదలయ్యేట్టున్నాయట. భార్యకి ఫోను చేసి, ఉన్నపళంగా రమ్మన్నాడు.

మెకానిక్ గంట టైమడిగాడు. పెద్దాయన ఇవ్వనన్నాడు.

"సంచులు తారుమారై ఉండగా బిగించానండీ. మీరెక్కితే బండి పక్కకి లాగుతుంది. అసలే కొండ మలుపులు."

"లాగదు."

"మీ మొండితనంతో అమ్మగారి ప్రాణం మీదికి తేకండి."

పచార్లు చేస్తున్న పెద్దాయన ఆగిపోయాడు. ఇన్నాళ్ళలో ఆయన అలా కదలకుండా నిలబడటం మెకానిక్ చూడలేదు.

"ఆవిడ కోసమేనయ్యా ఇన్నాళ్ళూ నీ ప్రాణం తీసింది," అన్నాడు.

ఆవిడ ఆటో దిగింది. చేతిలో బట్టల సంచి. ఎప్పుడూ చెప్పులేసుకునే మనిషి కాన్వాసు బూట్లు వేసుకుంది, కొండ చలికి కాబోలు. కారు చుట్టూ ఒకసారి తిరిగింది. టైరుని కాలితో తట్టింది.

"బ్రేకు మెత్తబడిందా బాబూ?"

"ఊదితే ఆగుతుందమ్మా."

వెళ్ళొద్దని చెబుదామనుకున్నాడు మెకానిక్. కూతురి సంగతి గుర్తొచ్చి మానుకున్నాడు. సంచులు దించేసి, తాళాలు పెద్దాయన చేతిలో పెట్టాడు. స్టీరింగుకి అవతలి వైపు వెళ్ళి, ఆవిడ కోసం తలుపు తీసి పట్టుకున్నాడు.

తాళాలు ఆవిడ చేతికిచ్చి, ఆ తలుపులోంచి పెద్దాయన ఎక్కాడు.